అపార్ట్‌మెంట్‌కూ స్టేజీకీ ఒకటే ట్యూబ్ హెడ్: 20 వాట్లు చాలా, 50 కావాలా?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

అందరికీ నమస్కారం. ఇన్నేళ్లూ ఒక చిన్న ట్రాన్సిస్టర్ కాంబోతో (ఆంప్లిఫయర్, స్పీకరు ఒకే పెట్టెలో ఉన్నది) నెట్టుకొచ్చిన నేను ఇప్పుడు మంచి ట్యూబ్ హెడ్, అంటే వాక్యూమ్ ట్యూబులతో నడిచే, స్పీకరు విడిగా ఉండే గిటార్ ఆంప్లిఫయర్ ఒకటి కొనుక్కోవాలని నిర్ణయించుకున్నాను. పదికాలాల పాటు ఉంచుకోవలసిన వస్తువు కనుక, వాడిన అనుభవం ఉన్నవారిని అడిగి తెలుసుకున్న తరువాతే డబ్బు పెట్టాలని నా ఉద్దేశం.

నా దగ్గర హంబకర్ పికప్పుల గిటార్ ఒకటి, సింగిల్ కాయిల్ పికప్పుల గిటార్ ఒకటి ఉన్నాయి. నాకు ప్రాణమైనది 1970ల నాటి బ్రిటిష్ రాక్ ధ్వని. అంటే తీగను గట్టిగా మీటితే గరగరలాడుతూ, గిటార్ మీది వాల్యూమ్ కాస్త తగ్గించగానే తేటపడే ధ్వని. ఆదివారాలు చర్చిలో ఆరాధన బృందంతో వాయిస్తాను, అక్కడ క్లీన్ (గరగర లేని) ధ్వని మీద డిలే, రివర్బ్ పెడల్స్ (ప్రతిధ్వని, హాలులో మోగినట్టుండే గుంజాటన కలిపేవి) వాడతాను. అప్పుడప్పుడు మిత్రులతో కలిసి చిన్న స్టేజీలు, కాలేజీ ఉత్సవాలు ఉంటాయి. సాధన మాత్రం అపార్ట్‌మెంట్ గదిలోనే, అదీ రాత్రి భోజనాలయ్యాక.

క్యాబినెట్ (స్పీకర్ల పెట్టె) ఇప్పటికే ఉంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో మా వడ్రంగి చేత చేయించి, వెనుక పూర్తిగా మూయించి, రెండు 12 అంగుళాల సెలెస్షన్ గ్రీన్‌బ్యాక్ స్పీకర్లు బిగించాను. ఒక్కొక్కటి 25 వాట్లు, 16 ఓమ్‌లు. సమాంతరంగా కలపడం వల్ల మొత్తం 8 ఓమ్‌లు అయింది.

మార్షల్ జేసీఎం800 వరుసలోని 50 వాట్ల 2204, అదే సంస్థ వారి 20 వాట్ల హెడ్లు ఎస్‌సీ20హెచ్, ఎస్‌వీ20హెచ్, ఆరెంజ్ వారి ఓఆర్15, ఈ నాలుగూ నా మనసులో ఉన్నాయి. డాలస్‌లో ఉంటున్న మా బావగారు సంక్రాంతికి ఇంటికి వస్తున్నారు. అక్కడ వాడిన హెడ్లు సులభంగా దొరుకుతాయనీ, కావాలంటే ఒకటి తెస్తాననీ అంటున్నారు. నా పరిస్థితికి ఎన్ని వాట్లు తగినవి? హెడ్లలో వాడే ఈఎల్34, ఈఎల్84 పవర్ ట్యూబుల (స్పీకరును నడిపే శక్తినిచ్చే ట్యూబులు) మధ్య తేడాకు నేను ఎంత విలువ ఇవ్వాలి? అమెరికా నుంచి తెప్పించుకోవడం మంచిదేనా? దయచేసి చెప్పగలరు.


జవాబు (విశాఖపట్నం నుంచి)

నమస్కారం అండీ. గది, స్పీకర్లు, ఇష్టమైన ధ్వని అన్నీ వివరంగా చెప్పారు కాబట్టి జవాబు కూడా సూటిగా చెప్పవచ్చు. మీకు 20 వాట్ల హెడ్ సరిపోతుంది. ఆ నాలుగింటిలో నా ఓటు ఎస్‌సీ20హెచ్‌కు.

ముందు వాట్ల సంగతి. 50 వాట్లంటే 20 వాట్లకు రెండున్నర రెట్లు మోగుతుందని చాలామంది అనుకుంటారు గానీ చెవి లెక్క వేరు. శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. శబ్దం రెట్టింపైనట్టు మనకు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే శక్తి పది రెట్లు కావాలి. మీ గ్రీన్‌బ్యాక్ ఒక వాటుకు, ఒక మీటరు దూరంలో 98 డెసిబెల్స్ ఇస్తుంది. ఒక్క స్పీకరు లెక్కనే చూసినా 20 వాట్లకు 111, 50 వాట్లకు 115 డెసిబెల్స్ వస్తాయి. అంటే మీరు అదనంగా ఖర్చు పెట్టేది ఆ నాలుగు డెసిబెల్స్ కోసం. ఇంకో రకంగా చూడండి: అదే క్యాబినెట్‌లో 100 డెసిబెల్స్ ఇచ్చే వింటేజ్ 30 స్పీకర్లు పెడితే అందులో సగం, హెడ్ మార్చకుండానే వచ్చేస్తుంది. హెడ్ గురించి మనం గంటల తరబడి వాదించుకుంటాం, స్పీకరును మాత్రం పట్టించుకోం.

క్యాబినెట్ ప్రభావం ఎంతటిదో తెలియాలంటే మార్షల్ పుట్టుకే చూడవచ్చు. 1960ల మొదట్లో లండన్ హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ గారి దుకాణంలో తయారైన జేటీఎం45 హెడ్ సర్క్యూట్‌కు మాతృక ఫెండర్ బాస్‌మ్యాన్. టోన్ కంట్రోళ్ల అమరిక దాదాపు అదే. ట్యూబుల్లో, ట్రాన్స్‌ఫార్మర్లలో కొన్ని మార్పులు జరిగిన మాట నిజమే. అయితే బాస్‌మ్యాన్‌లో వెనుక తెరిచి ఉన్న పెట్టెలో నాలుగు 10 అంగుళాల స్పీకర్లు ఉండేవి, మార్షల్ వారు వెనుక మూసిన పెట్టెలో నాలుగు 12 అంగుళాల సెలెస్షన్లు పెట్టారు. మనం మార్షల్ ధ్వని అని గుర్తుపట్టే ఆ గుండెను తాకే మధ్య స్వరాలలో పెద్ద వాటా ఆ పెట్టెది. మీరు అటువంటి పెట్టె ఇప్పటికే చేయించుకున్నారు కనుక సగం పని అయినట్టే.

ఇక అసలు చూడవలసింది: ఆ గరగర హెడ్‌లో ఎక్కడ పుడుతోంది? ఎస్‌వీ20హెచ్ మార్షల్ వారి 1959 సూపర్ లీడ్ (1959 మోడల్ సంఖ్య, సంవత్సరం కాదు) వంశానికి చెందింది, దానికి మాస్టర్ వాల్యూమ్ (చివరి శబ్దాన్ని విడిగా తగ్గించుకునే నాబ్) లేదు. పవర్ ట్యూబుల దాకా సంకేతం బలంగా వెళ్లి, అవి అలసినప్పుడే అది గొంతు విప్పుతుంది. దాన్ని 5 వాట్లకు తగ్గించుకునే స్విచ్ ఉన్నా, మీ స్పీకరుతో ఆ 5 వాట్లు 105 డెసిబెల్స్. రాత్రి తొమ్మిదిన్నరకు పక్క ఫ్లాటు వారు తలుపు తట్టడానికి అంతకన్నా చాలా తక్కువ చాలు. ఆ హెడ్ అంటే నాకు ఎంతో ఇష్టం, అయినా మీ గదికి వద్దంటాను. ఎస్‌సీ20హెచ్ జేసీఎం800 2203 (2204కు 100 వాట్ల రూపం) వంశం. అందులో గరగర ఎక్కువ భాగం ప్రీఆంప్ ట్యూబుల్లోనే (పవర్ ట్యూబులకు ముందు సంకేతాన్ని పెంచే చిన్న ట్యూబులు) తయారవుతుంది, దాని తరువాత మాస్టర్ వాల్యూమ్ ఉంది. అందువల్ల తక్కువ శబ్దంలోనూ ధ్వని స్వభావం చాలావరకు నిలుస్తుంది. పైగా పాత 2204కు లేని ఎఫెక్ట్స్ లూప్ (ప్రీఆంప్ తరువాత పెడల్స్ కలుపుకునే సాకెట్లు) దీనికి ఉంది. చర్చిలో మీరు వాడే డిలే, రివర్బ్ పెడల్స్‌ను ఆ లూపులో పెట్టాలి. డిస్టార్షన్‌కు (ఆ గరగరకు) ముందు పెడితే డిలే ఇచ్చే ప్రతిధ్వనులన్నీ ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోతాయి.


జవాబు (సికింద్రాబాద్ నుంచి)

విశాఖ మిత్రులు చెప్పిన డెసిబెల్స్ లెక్కతో నాకు పేచీ లేదు గానీ, దాని నుంచి వారు తీసిన నిర్ణయంతో ఏకీభవించలేను. ఆరాధన బృందాల్లో చాలాకాలంగా వాయిస్తున్నవాడిగా ఒక మాట చెప్పాలి. చర్చిలో మీకు కావలసింది గరగర కాదు, నలగని క్లీన్. పెద్ద కార్డు వాయించి, దాని మీద పెడల్స్ రెండు మూడు వేసినా ధ్వని చెక్కుచెదరకూడదు. ఆ ఖాళీ జాగా 50 వాట్ల హెడ్‌లో ఉన్నట్టు 20 వాట్ల హెడ్‌లో ఉండదు. ఆ నాలుగు డెసిబెల్స్ గరగరలాడే వాద్యానికి లెక్కలోకి రావు గానీ, క్లీన్‌గా ఉండాలనుకునే వాద్యానికి ప్రాణాధారం.

ఇంకొకటి: మాస్టర్ వాల్యూమ్ ఉన్న 50 వాట్ల హెడ్ ఇంట్లో పనికిరాదన్న మాట సరికాదు. 2204ను మాస్టర్ ఒకటి దగ్గర పెట్టి వాయిస్తే అది 20 వాట్ల హెడ్‌ను అదే శబ్దంలో వాయించినట్టే ఉంటుంది. శబ్దం వాట్ల సంఖ్యను బట్టి కాదు, మనం నాబ్ ఎంత తిప్పామన్నదాన్ని బట్టి వస్తుంది. పెద్ద అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ (పవర్ ట్యూబుల శక్తిని స్పీకరుకు అందించేది) వల్ల కింది స్వరాలు బిగువుగా, నిండుగా వస్తాయి. బయలు ప్రదేశంలో జరిగే సభల్లో, ఉత్సవాల్లో ఆ తేడా వాయించే చేతికే తెలుస్తుంది.

ట్యూబుల గురించి అడిగారు. ఈఎల్84 జంటతో 15 నుంచి 18 వాట్లు వస్తాయి. అవి త్వరగా అలుస్తాయి, పై స్వరాల్లో ఒక మెరుపు ఉంటుంది. ఇంగ్లండ్‌లోని డార్ట్‌ఫర్డ్‌లో పుట్టిన వాక్స్ ఏసీ30లో ఉన్నవి ఆ ఈఎల్84లే, నాలుగు. ఈఎల్34లో మధ్య స్వరాలు ముందుకు దూకుతాయి. 6ఎల్6 అనే మరో పవర్ ట్యూబు కింది స్వరాల్లో నిండుగా, పైన గాజులా తేటగా ఉంటుంది. ఫెండర్ పెద్ద ఆంప్లిఫయర్లలో వినేది దానినే. మీకు ఇష్టమైన ధ్వనికి ఈఎల్34 సహజమైన ఎంపిక. అయితే ట్యూబు ఒక్కదాన్ని చూసి హెడ్ కొనవద్దని మనవి, దాని చుట్టూ ఉన్న సర్క్యూటే ఎక్కువ మాట్లాడుతుంది.


జవాబు (విజయవాడ నుంచి, ఆంప్లిఫయర్ల మరమ్మతులు చేస్తాను)

ధ్వని గురించి పై ఇద్దరూ చక్కగా చెప్పారు. నేను కరెంటు గురించి చెబుతాను, ఎందుకంటే నా బల్ల మీదికి వచ్చే హెడ్లలో ఎక్కువ భాగం అక్కడే దెబ్బతిని వస్తాయి.

అమెరికాలో సరఫరా 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. 120 వోల్టులకు మాత్రమే చేసిన హెడ్‌ను మన ప్లగ్గులో పెడితే లోపలి ప్రతి వోల్టేజి దాదాపు రెట్టింపవుతుంది. 6.3 వోల్టులు ఉండవలసిన హీటర్లకు (ట్యూబులను లోపల వేడి చేసే తీగలకు) 12 వోల్టులు అందుతాయి. 450 వోల్టులు ఉండవలసిన చోట ఎనిమిది వందలు దాటుతాయి, అక్కడున్న కెపాసిటర్లు సాధారణంగా 500 వోల్టులకు చేసినవి. ఫ్యూజు ముందుగా కాలిపోతే అదృష్టం. కాబట్టి బావగారు కొనే ముందే హెడ్ వెనుక వోల్టేజి రాసి ఉన్న చోటును ఫొటో తీసి పంపమనండి. కొన్ని పాత మార్షల్ హెడ్లకు వెనుక వోల్టేజి మార్చుకునే అమరిక ఉంటుంది. అటువంటిదైతే 240 దగ్గర పెట్టుకోండి, తగిన ఫ్యూజు కూడా మార్చండి. 120 అని మాత్రమే ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. 50 వాట్ల హెడ్ పూర్తిగా తెరిచినప్పుడు సుమారు 150 నుంచి 200 వాట్ల దాకా లాగుతుంది కాబట్టి 500 వీఏ కన్నా తక్కువది కొనవద్దు. అది వోల్టేజిని దించుతుంది గానీ 50 హెర్ట్జ్‌ను 60గా మార్చలేదు. 60 హెర్ట్జ్‌కు పొదుపుగా చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ కోరు మీద 50 హెర్ట్జ్ దగ్గర అయస్కాంత ప్రవాహం 20 శాతం పెరిగి, అది మరింత వేడెక్కుతుంది. కొన్ని తట్టుకుంటాయి, కొన్ని మన ఏప్రిల్, మే ఎండల్లో రెండు గంటల ప్రోగ్రాం కూడా ఓర్వలేవు.

అమెరికా నుంచి వచ్చే పాత 2204, 2203 హెడ్లతో ఇంకో చిక్కుంది. ఆ కాలంలో అక్కడి పంపిణీదారు అడిగినందువల్ల చాలావాటిని ఈఎల్34 బదులు 6550 ట్యూబులతో పంపారు. వాటి ధ్వని బిగువుగా, ఎక్కువసేపు క్లీన్‌గా ఉంటుంది. ఈఎల్34 కావాలంటే ట్యూబు పీకి ట్యూబు పెట్టడం కుదరదు, బయాస్ భాగంలో (ఊరికే ఉన్నప్పుడు ట్యూబు గుండా ఎంత కరెంటు పారాలో నిర్ణయించేది) రెసిస్టర్లు మార్చి కొలతలు తీసుకోవాలి. దీనికి తోడు ఆ హెడ్లు 1980ల నాటివి కాబట్టి వాటిలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకు ఆయుష్షు ఎప్పుడో తీరింది. ఆ మరమ్మతు ఖర్చు కూడా కలుపుకుని ధర చూసుకోండి.

బయాస్ అంటే ఏమిటో ఒక లెక్కతో చెబుతాను. ఈఎల్34 ప్లేటు (ట్యూబు లోపలి లోహపు రేకు) తట్టుకునేది 25 వాట్లు. ఊరికే ఉన్నప్పుడు అందులో 70 శాతం, అంటే 17.5 వాట్లు దాటకుండా చూస్తాం. ప్లేటు మీద 450 వోల్టులుంటే ఒక్కో ట్యూబుకు 39 మిల్లీఆంపియర్లు. ఇంతకన్నా బాగా ఎక్కువైతే మీ కంటికే తెలుస్తుంది. గదిలో లైటు ఆర్పి హెడ్ వెనుక నుంచి చూడండి. హీటరు నారింజ రంగులో వెలగడం, గాజు లోపలి వైపున నీలిరంగు పొరలా కనిపించడం రెండూ మామూలే. కానీ బూడిదరంగు ప్లేటు పక్క అతుకు దగ్గర మసక ఎరుపు మొదలై, నెమ్మదిగా ప్లేటు మధ్యకు పాకుతుంటే వెంటనే స్విచ్ ఆపేయండి. ఆ ఎరుపుతో పాట పూర్తి చేయాలని చూస్తే ట్యూబుతో పాటు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోవచ్చు. ప్లగ్గు తీసేసినా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది, లోపల చేయి పెట్టే పని తెలిసినవారికే వదిలేయండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఎర్తు. గిటార్ తీగలు బ్రిడ్జి (గిటార్ మీద తీగలు బిగించే లోహపు భాగం) ద్వారా హెడ్ ఛాసిస్‌కూ (లోపలి లోహపు చట్రానికీ), అక్కడి నుంచి ఎర్తు పిన్నుకూ కలిసి ఉంటాయి. ఫంక్షన్ హాళ్లలోనూ, జనరేటరు మీద నడిచే బహిరంగ వేదికల మీదా ఎర్తు వైరు కలపకుండా వదిలేయడం తరచుగా చూస్తుంటాను. అటువంటి చోట తీగల మీద చేయి ఉంచి, వేరే లైను నుంచి నడుస్తున్న మైకుకు పెదవి తగిలిస్తే షాకు కొడుతుంది. అది చురుక్కుమనడంతో ఆగవచ్చు, ఆగకపోవచ్చు కూడా. జేబులో మల్టీమీటరు ఉంచుకుని ప్లగ్గు పెట్టే ముందు కొలవండి. ఫేజుకూ ఎర్తుకూ మధ్య 230 దరిదాపుల్లో, న్యూట్రలుకూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టులలోపు ఉండాలి. తేడాగా ఉంటే హెడ్ ఆన్ చేయకండి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడితే దాని సాకెట్టు వరకు ఎర్తు వస్తోందో లేదో కూడా చూడండి, చవకరకాల్లో మూడో రంధ్రం ఉంటుంది గానీ దానికి వైరు ఉండదు.


ప్రశ్న అడిగినవారు (హైదరాబాద్)

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. బావగారితో మాట్లాడాను. వారు చూసిన 2204 వెనుక 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంది, లోపల 6550 ట్యూబులే ఉన్నాయట. అందుకని ఆ ఆలోచన మానుకుని, ఇక్కడే 230 వోల్టుల ఎస్‌సీ20హెచ్ తీసుకుందామనుకుంటున్నాను. మా చర్చిలో డ్రమ్ములకు చుట్టూ అక్రిలిక్ అద్దాలున్నాయి, గిటార్‌కు మైకు పెడతారు, స్టేజీ మీద శబ్దం తగ్గించమని సౌండ్ ఇంజినీరు గారు ఎప్పుడూ బతిమాలుతుంటారు. కాబట్టి సికింద్రాబాద్ మిత్రులు చెప్పిన ఖాళీ జాగా అవసరం నాకు అంతగా పడదేమో. మరో రెండు సందేహాలు: రాత్రుళ్లు స్పీకరు లేకుండా హెడ్‌ఫోన్స్‌తో వాయించవచ్చా? ట్యూబులు పోతే ఇక్కడ దొరుకుతాయా?


జవాబు (సికింద్రాబాద్ నుంచి)

డ్రమ్ములకు అద్దాలు, గిటార్‌కు మైకు ఉన్నాయంటే నా వాదన చాలావరకు వీగిపోయినట్టే. 20 వాట్లు హాయిగా సరిపోతాయి. క్లీన్ కోసం లో ఇన్‌పుట్‌లో గిటార్ పెట్టి, ప్రీఆంప్ వాల్యూమ్ తగ్గించి, మాస్టర్ బాగా పైకి తెరవండి. ఎప్పుడైనా బయట పెద్ద సభ ఉంటే 50 వాట్ల హెడ్ ఒక్కరోజుకు అద్దెకు తీసుకోవచ్చు. అప్పుడు మాత్రం మీ రెండు గ్రీన్‌బ్యాక్‌ల మీద దాన్ని పూర్తిగా తెరవకండి. వాటి రెంటి తాహతు కలిపి 50 వాట్లే, పూర్తిగా నలిగిన 50 వాట్ల హెడ్ అంతకన్నా ఎక్కువే తోస్తుంది.


జవాబు (విజయవాడ నుంచి)

ట్యూబ్ హెడ్‌కు స్పీకరు గాని, దానికి బదులు పనిచేసే లోడ్ గాని లేకుండా ఎన్నడూ వాయించకండి. లోడ్ లేనప్పుడు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో (ట్యూబుల వైపు చుట్టలో) వోల్టేజి విపరీతంగా ఎగసి, చుట్ల మధ్య ఇన్సులేషన్‌ను గాని, ట్యూబు సాకెట్టును గాని కాల్చేస్తుంది. హెడ్‌ఫోన్స్ కోసం రియాక్టివ్ లోడ్ బాక్సులు ఉన్నాయి. టూ నోట్స్ వారి క్యాప్టర్ ఎక్స్ అటువంటిది. అది స్పీకరులాగే హెడ్‌కు భారం చూపిస్తూ, క్యాబినెట్ ధ్వనిని లోపలే అనుకరించి హెడ్‌ఫోన్స్‌కు ఇస్తుంది, స్పీకరు శబ్దాన్ని తగ్గించుకునే వీలూ ఇస్తుంది. కొనేటప్పుడు 8 ఓమ్‌ల రకం అడిగి తీసుకోండి, హెడ్ వెనుక కూడా 8 ఓమ్‌ల సాకెట్టులోనే కలపండి. రిహార్సల్ గదిలో ఇంకొక 8 ఓమ్‌ల క్యాబినెట్ జత చేస్తే మొత్తం 4 ఓమ్‌లు అవుతుంది, అప్పుడు 4 ఓమ్‌ల అవుట్‌పుట్‌కు మారాలి.

ట్యూబులు దొరుకుతాయి, కాకపోతే అన్నీ దిగుమతే. ఇప్పుడు మార్కెట్లో ఉన్నవాటిలో ఎక్కువ భాగం స్లొవేకియాలోని జేజే ఫ్యాక్టరీ, రష్యాలోని సరతోవ్ ఫ్యాక్టరీ, చైనా నుంచి వస్తాయి. 2022 మార్చిలో రష్యా ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టినప్పుడు ధరలు ఎంతగా ఎగబాకాయో నాకు గుర్తుంది. అందుకని హెడ్‌తో పాటే జత కుదిర్చిన ఈఎల్34 రెండు, ఈసీసీ83 (ప్రీఆంప్ ట్యూబు) ఒకటి అదనంగా కొని దగ్గర పెట్టుకోండి. మన బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారు ఒకప్పుడు చేసిన ఈసీసీ83లు, ఈఎల్84లు పాత రేడియో మెకానిక్కుల దగ్గర ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి. పరీక్షించి ఇస్తే ఆ ఈసీసీ83ను నిస్సంకోచంగా తీసుకోండి, అది మీ హెడ్ ప్రీఆంప్‌లో సరిగ్గా సరిపోతుంది.

దుకాణంలో హెడ్‌ను పరీక్షించేటప్పుడు గిటార్ వాల్యూమ్ సున్నా చేసి, ప్రీఆంప్ ట్యూబులను పెన్సిలు వెనుక భాగంతో మెల్లగా తట్టండి. స్పీకరులో చిన్నగా టక్కుమంటే ఫరవాలేదు, గంటలా మోగుతూ సాగితే ఆ ట్యూబు మార్చి ఇమ్మనండి. హెడ్ నుంచి క్యాబినెట్‌కు గిటార్ కేబుల్ వాడవద్దు. సన్నని తీగ, చుట్టూ షీల్డు ఉన్న ఆ కేబుల్ స్పీకరు కరెంటు కోసం చేసింది కాదు. రెండు మందపాటి రాగి వైర్లున్న స్పీకరు కేబుల్ ఒక మీటరు పొడవుది చేయించుకుంటే చాలు.